ఈ పంక్తి ఎప్పుడు చేరింది?

ప్రక్షిప్తం అన్న మాట మన సాహిత్య విద్యార్థులకు కొత్తది కాదు. కవి రాయని పద్యాన్ని తరువాతివారెవరో కావ్యంలో చొప్పిస్తే దానికి ఆ పేరు. పరిష్కర్తలు దొరికిన తాళపత్ర ప్రతులన్నిటినీ ముందు పెట్టుకుని, ఆ పద్యం ఏ ప్రతిలో ఉంది, ఏ ప్రతిలో లేదు, ఉన్నచోట పాఠం ఎలా మారింది అని పోల్చి చూసి ఒక నిర్ణయానికి వస్తారు. కవి స్వహస్తంతో రాసిన ప్రతి దొరకడం బహు అరుదు కనుక ఆ నిర్ణయంలో ఊహకు ఎంతో కొంత చోటు ఇవ్వక తప్పదు.

ఆ ఊహ అవసరమే ఉండకూడదని, రాసిన ప్రతి పంక్తికీ పుట్టిన తేదీ, రాసినవారి పేరు వెంట నిలవాలని పట్టుబట్టిన రచయితలు కొందరున్నారు. వారు రాసేది పద్యాలు కాదు, ప్రోగ్రాములు. గత అర్ధ శతాబ్దంలో వారు తమ సోర్సుకోడును దాచుకోవడానికి భాండాగారాలు కట్టుకున్నారు. వాటిలో ఏ ఫైలు ఎక్కడుంది, ఏ మార్పు ఎప్పుడు జరిగింది అని వెదకడానికి సాధనాలు తయారుచేసుకున్నారు. ఆ వెదుకులాట ఎక్కడ ఫలించింది, ఎక్కడ గోడకు తగిలి ఆగింది అన్నది ఈ వ్యాసానికి విషయం.

రిపాజిటరీ అన్న మాటకు భాండాగారం అని వాడుతున్నాను. ఆ మాట వినగానే మనకు తిరుమల ఆలయంలోని సంకీర్తన భాండాగారం గుర్తుకు రావడం సహజం. తాళ్లపాక కవుల రాగిరేకులు అందులో శతాబ్దాల తరబడి భద్రంగానే ఉన్నాయి. అయినా ఇరవయ్యో శతాబ్దంలో పండితులు వాటిని చదివి, ఎత్తి రాసి, అచ్చు వేయించేదాకా వాటిలోని పాటలు చాలావరకు లోకానికి అందలేదు. దాచడం ఒక పని. దాచినదాన్ని కావలసినప్పుడు వెదకి తీయగలగడం వేరే పని. కోడు చరిత్రలోనూ ఈ రెండు పనులూ వేర్వేరు కాలాల్లో, వేర్వేరు మనుషుల చేతుల్లో పెరిగాయి.

మొదట దాచడం సంగతి చూద్దాం. 1972లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో మార్క్ రాచ్‌కైండ్ అన్న ఇంజనీరు సోర్స్ కోడ్ కంట్రోల్ సిస్టమ్ అనే ఏర్పాటు చేశాడు. పొట్టిగా ఎస్‌సీసీఎస్ అంటారు. ముందు ఐబీఎం యంత్రం మీద స్నోబాల్ భాషలోను, తరువాత యూనిక్స్ మీద సీ భాషలోను రాసిన ఈ ఏర్పాటును 1975లో ఒక పరిశోధన వ్యాసంలో వివరించాడు. అతని పద్ధతి సరళమైనది. ఒక ఫైలుకు ఉన్న అన్ని రూపాలనూ ఒకే ఫైలులో పేనినట్టు కలిపి దాచుతాడు. ఏ పంక్తి ఎన్నో మార్పులో వచ్చి చేరిందో, ఎన్నో మార్పులో తొలగిపోయిందో పంక్తుల మధ్యనే గుర్తులు ఉంటాయి. ఒక తాళపత్ర గ్రంథంలో పాఠాంతరాలన్నిటినీ మూలం పక్కనే ఇరికించి రాసి, ఏ పాఠం ఏ ప్రతిదో గుర్తు పెట్టినట్టన్నమాట. ఏ కాలపు రూపం కావాలన్నా పైనుంచి కిందికి ఒకసారి చదువుకుంటూ వస్తే చాలు.

1982లో పర్డ్యూ విశ్వవిద్యాలయానికి చెందిన వాల్టర్ టిచీ మరో దారి పట్టాడు. జనం తరచుగా అడిగేది సరికొత్త రూపాన్నే కనుక దాన్ని సంపూర్ణంగా ఉంచి, పాతవాటిని మాత్రం వెనక్కి నడిచే తేడాలుగా దాచాడు. ఇది ఆర్‌సీఎస్ పేరుతో ప్రసిద్ధమైంది. వర్తమానం చేతికందేంత దగ్గర, గతం కొన్ని అడుగుల దూరం. భాండాగారాన్ని కట్టే తీరులోనే ఏ ప్రశ్నకు త్వరగా జవాబు దొరకాలన్న నిర్ణయం ఇమిడి ఉంటుందని ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది.

ఇక వెదకడం సంగతి. యూనిక్స్ మీద వెదుకులాటకు పర్యాయపదమైన గ్రెప్ 1973 నాటిది. రాసినవాడు కెన్ థాంప్సన్. దాని పుట్టుక గురించి ఆయన సహచరుడు బ్రయాన్ కెర్నిహాన్ చెప్పే కథ సాహిత్యాభిమానులకు నచ్చుతుంది. లీ మెక్‌మహాన్ అనే మరో సహచరుడికి ఫెడరలిస్ట్ వ్యాసాల మీద ఆసక్తి. 1787-88 సంవత్సరాలలో అమెరికా రాజ్యాంగాన్ని సమర్థిస్తూ హామిల్టన్, మాడిసన్, జే అనే ముగ్గురు ఒకే మారుపేరుతో రాసిన 85 వ్యాసాలవి. వాటిలో కొన్ని ఎవరు రాశారన్నది చాలాకాలం వివాదంగా ఉండేది. ఆ వ్యాసాలలో పదాలు వెదకాలంటే అప్పటి ఎడిటరు అంత పాఠాన్ని ఒకేసారి మోయలేకపోయింది. థాంప్సన్ ఆ ఎడిటరులోని వెదికే ఆదేశాన్ని విడదీసి స్వతంత్రమైన పనిముట్టుగా మలిచాడు. గ్రెప్ అన్న పేరు కూడా ఆ ఆదేశపు అక్షరాల నుంచి వచ్చిందే. అంటే కోడును వెదికేవారు నేటికీ చేతబట్టే పనిముట్టు వెనుక, కెర్నిహాన్ కథ ప్రకారం, ఇది ఎవరి రాత అన్న పాత సాహిత్య ప్రశ్న ఉంది.

మరుసటి సంవత్సరం, 1974లో, యూనిక్స్ అయిదవ కూర్పుతో డిఫ్ వచ్చింది. రెండు ప్రతులను పోల్చి తేడాలు మాత్రమే చూపించే సాధనం ఇది. డగ్లస్ మెక్‌ఇల్‌రాయ్, జేమ్స్ హంట్ దాని వెనుకనున్న గణితాన్ని 1976లో వివరించారు. రెండు ప్రతుల్లోనూ అదే వరుసలో కనబడే పంక్తులలో అతి పొడవైన మాలికను ముందు పట్టుకుంటారు. అందులో చేరని పంక్తులు చేర్పులో తొలగింపులో అవుతాయి. ఒక పరిష్కర్త రెండు తాళపత్ర ప్రతులను పక్కపక్కన పెట్టుకుని చేసే పనిని యంత్రానికి నేర్పడమే ఇది. గ్రెప్ చోటును వెదుకుతుంది, డిఫ్ తేడాను వెదుకుతుంది. తరువాత వచ్చిన సాధనాలలో చాలావరకు ఈ రెండింటి సంతానమే.

ఎస్‌సీసీఎస్, ఆర్‌సీఎస్ రెండింటిలోనూ చరిత్ర ఒక్కొక్క ఫైలుకు విడివిడిగా ఉండేది. పైగా ఒకరు ఫైలు తీసుకుంటే అది తిరిగి వచ్చేదాకా మరొకరు ఆగడమే మామూలు పద్ధతి. ఆమ్‌స్టర్‌డామ్‌లో డిక్ గ్రూన్ అనే అధ్యాపకుడు తన ఇద్దరు విద్యార్థులతో ఒక కంపైలరు మీద పనిచేస్తుండగా ముగ్గురి వేళలూ కుదరలేదు. ఆ చిక్కు తీర్చుకోవడానికి ఆర్‌సీఎస్ మీద కొన్ని స్క్రిప్టులు అల్లి 1986లో లోకానికి అందించాడు. అదే సీవీఎస్. 1989లో బ్రయాన్ బర్లినర్ దాన్ని సీ భాషలో తిరగరాశాడు. తరువాతి పదిహేనేళ్ల పాటు స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు లోకంలో అధికభాగం సీవీఎస్ గూటిలోనే బతికింది.

సీవీఎస్‌కు ఒక పెద్ద లోపం ఉండేది. ఒక దోషాన్ని సరిచేయడానికి పది ఫైళ్లు మార్చవలసివస్తే, అది పది వేర్వేరు మార్పులుగా పది చోట్ల నమోదయ్యేది. ఆ పదీ ఒకే ఆలోచన ఫలితమని ఎక్కడా రాసి ఉండేది కాదు. తరువాత వెదికేవారు పేరు ఒకటేనా, రాసిన వివరణ ఒకటేనా, సమయాలు దగ్గరదగ్గరగా ఉన్నాయా అని చూసి ఊహించుకోవలసిందే. ఆ ఊహను యంత్రం చేత చేయించడానికి ప్రత్యేకంగా సాధనాలే పుట్టాయి. తాళపత్రాల నాటి ఇబ్బంది మరో రూపంలో తిరిగి వచ్చిందన్నమాట.

1998 మార్చి 31న నెట్‌స్కేప్ తన బ్రౌజరు కోడును బయటపెట్టినప్పుడు ఈ ఇబ్బంది ఒక్కసారిగా పెద్దదైంది. మొజిల్లా బృందం వాడిన బోన్సాయ్ అనే సాధనం సీవీఎస్‌లోని మార్పులన్నిటినీ ఒక డేటాబేసులోకి ఎక్కించి, ఫలానా తేదీల మధ్య, ఫలానా డైరెక్టరీలో, ఫలానావారు చేసిన మార్పులు చూపించు అని అడిగే వీలు కల్పించింది. దానికి తోడుగా టిండర్‌బాక్స్ అనే మరో పుట, కోడు సరిగా తయారవుతోందా లేదా అన్నది ఆకుపచ్చ, ఎరుపు రంగులలో చూపేది. ఎరుపు కనబడగానే బోన్సాయ్‌లో వెదకి, అంతకు ముందు గంటలో ఎవరెవరు ఏమి మార్చారో తేల్చుకునేవారు. చరిత్రను పండితులు తీరిగ్గా చదివే గ్రంథంగా కాక, పనివాళ్లు రోజూ తిరగేసే దినచర్యగా మార్చిన సాధనాలలో దీనిని ముందు వరుసలో చెప్పుకోవాలి.

2004 ఫిబ్రవరిలో సబ్‌వర్షన్ తొలి పూర్తి కూర్పు వెలువడింది. అందులో ఒక నమోదు ఎన్ని ఫైళ్లను తాకినా అది ఒకే మార్పు, దానికి ఒకే సంఖ్య. ఇంకొక చిన్న ముచ్చట. ప్రతి పంక్తి పక్కనా దానిని చివరిసారి మార్చినవారి పేరు చూపే ఆదేశానికి సబ్‌వర్షన్‌లో బ్లేమ్ అని పేరు పెట్టారు. బ్లేమ్ అంటే నింద. అదే ఆదేశాన్ని ప్రెయిజ్ అని, అనగా స్తుతి అని పిలిచినా పలుకుతుంది. జవాబు ఒకటే, అడిగేవారి మనోభావమే వేరు. నిందాస్తుతి మనకు తెలిసిన అలంకారమే కదా!

ఇంతవరకు చెప్పినదంతా సౌకర్యం కోసం చేసిన వెదుకులాట. దాని మీద అంతకంటే పెద్దదేదో ఆధారపడి ఉందని 2003 నవంబరులో తేలింది. అప్పటికి లినక్స్ కెర్నెల్ అసలు భాండాగారం బిట్‌కీపర్ అనే వ్యాపార సాఫ్ట్‌వేరులో ఉండేది. అది వాడడం ఇష్టంలేనివారి కోసం అందులోని మార్పులను ఎప్పటికప్పుడు ఒక సీవీఎస్ నకలులోకి దింపేవారు. నవంబరు 5న బిట్‌కీపర్ రచయిత లారీ మెక్‌వాయ్ ఆ నకలులో ఒక విచిత్రం గమనించాడు. ఒక ఫైలులో జరిగిన మార్పుకు బిట్‌కీపర్‌లో మూలం లేదు. నకలులో ఉన్న ప్రతి మార్పూ అసలు నుంచి దిగివచ్చి ఉండాలి, ఇది మాత్రం నేరుగా నకలులోనే పుట్టింది.

ఆ మార్పు రెండే రెండు పంక్తులు. ఒక ఆదేశాన్ని చెల్లని విధంగా పిలిస్తే దోషమని చెప్పి తిప్పి పంపే మామూలు తనిఖీలాగా కనబడుతుంది. సీ భాషలో == అంటే సమానమా అని అడగడం, = అంటే సమానం చేయడం. ఆ తనిఖీలో, పిలిచినవారి గుర్తింపు సంఖ్య సున్నాకు సమానమా అని అడిగినట్టున్న చోట == బదులు = ఉంది. సున్నా అంటే ఆ యంత్రానికి సర్వాధికారి. ఆ ఆదేశాన్ని ఫలానా విధంగా పిలిచినవారెవరైనా క్షణంలో సర్వాధికారి అయిపోతారు. ఒక్క గీత తక్కువ, అంతే. ఆ దొంగపంక్తి అసలు భాండాగారంలోకి చేరలేదు, బయటికి వెళ్లలేదు. చొప్పించినది ఎవరో మాత్రం నేటికీ వెల్లడి కాలేదు.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. ఆ పంక్తి పట్టుబడినది కోడును చదవడం వల్ల కాదు. చదివితే పొరపాటున జారిపోయిన గీతగా తోచే అవకాశం ఎక్కువ. పుట్టుక గురించి అడగడం వల్ల అది దొరికింది. అసలు ప్రతిలో లేని పద్యం నకలులో ఎలా వచ్చింది? పరిష్కర్తలు వేసుకునే ప్రశ్న ఇదే. తేడా ఏమిటంటే ఇక్కడ అసలు ప్రతి భద్రంగా ఉంది.

2005 ఏప్రిల్‌లో బిట్‌కీపర్‌ను ఉచితంగా వాడుకునే వీలు పోయింది. లైనస్ టోర్వాల్డ్స్ ఆ నెలలోనే కొద్ది రోజులలో గిట్‌కు పునాది వేశాడు. గిట్‌లో ప్రతి ఫైలు రూపానికీ, ప్రతి మార్పుకూ అందులోని విషయం నుంచే లెక్కగట్టిన పేరు ఉంటుంది. మొదట రూపొందించిన విధానంలో అది 40 అంకెలు, అక్షరాల పేరు. ప్రతి మార్పు పేరు లెక్కలో దాని ముందటి మార్పు పేరు కూడా కలుస్తుంది. కనుక పాత పంక్తిని ఎవరైనా గుట్టుగా మారిస్తే అక్కడి నుంచి ఇటువైపున్న పేర్లన్నీ మారిపోతాయి. ఒక గొలుసులో కడియం మార్చి మిగతా గొలుసు కదలకుండా ఉంచడం సాధ్యం కాదు. 2003 నాటి పద్ధతిలో నకలులో ఏదైనా దూర్చితే ఆ నకలు పేర్లు అసలు పేర్లతో సరిపడవు.

వెదుకులాట విషయంలోనూ గిట్ ఒక సాహసమైన నిర్ణయం తీసుకుంది. ఒక ఫైలు పేరు మారితే, ఒక భాగం ఇంకో ఫైలులోకి తరలితే, ఆ సంగతి గిట్ ఎక్కడా రాసిపెట్టదు. ప్రతి దశలోనూ మొత్తం ఎలా ఉందో అంతమాత్రమే దాచుతుంది. ఏది ఎక్కడి నుంచి వచ్చిందన్నది అడిగినప్పుడు పోల్చి తేలుస్తుంది. దీని మీద వాదోపవాదాలు చాలా జరిగాయి. లైనస్ వాదన స్థూలంగా ఇది: మనుషులకు కావలసింది ఫైలు చరిత్ర కాదు, అందులోని రాత చరిత్ర. రాత ఒక ఫైలు నుంచి ఇంకో ఫైలుకు వలస పోతుంది, రెండుగా చీలుతుంది, నకలవుతుంది. నమోదు వేళ రాసిపెట్టిన గుర్తుల మీద ఆధారపడితే ఆనాడు తోచని ప్రశ్నలకు జవాబు ఉండదు. అడిగినప్పుడు వెదికే సాధనానికి రేపు ఇంకా మంచి తెలివి నేర్పవచ్చు, దానితో నిన్నటి చరిత్రను కూడా కొత్తగా చదవవచ్చు.

ఆ వెదికే సాధనాలలో ఒకదానికి పిక్యాక్స్, అంటే గుద్దలి, అని పేరు. ఒక మాట ఇస్తే ఆ మాట కొత్తగా చేరిన మార్పులను, తొలగిపోయిన మార్పులను మాత్రమే తవ్వి తీస్తుంది. గ్రెప్ వర్తమానాన్ని వెదికితే గుద్దలి గతాన్ని వెదుకుతుంది. నేటి కోడులో ఎక్కడా లేని మాట ఏనాడు మాయమైందో కూడా చెబుతుంది. ఇంకొకటి బైసెక్ట్. నిన్న బాగున్నది నేడు చెడిందని తెలుసు, మధ్యలో వెయ్యి మార్పులున్నాయి. సరిగ్గా నడుమనున్న రూపాన్ని పరీక్షించి, చెడింది ఈ సగంలోనా ఆ సగంలోనా అని తేల్చుకుంటూ పోతే పది పరీక్షలలో దోషి దొరుకుతాడు. పదిసార్లు రెట్టింపు చేస్తే వెయ్యి దాటుతుంది కనుక వెయ్యిని పదిసార్లు సగం చేస్తే ఒకటి మిగులుతుంది. చిన్ననాటి లెక్కే.

ఇంత ఘనమైన సాధనాలూ మూడు చోట్ల నిస్సహాయంగా నిలబడిపోతాయి. నా దృష్టిలో ఈ కథలో అతి ముఖ్యమైన భాగం అదే.

మొదటిది చరిత్ర మొదలయ్యే చోటు. లినక్స్ గిట్ భాండాగారంలో తొలి నమోదు 2005 ఏప్రిల్ 16 నాటిది. 17 వేలకు పైగా ఫైళ్లు, సుమారు 67 లక్షల పంక్తులు ఆ ఒక్క మార్పులో ఒకేసారి ప్రత్యక్షమవుతాయి. అంతకు ముందరి చరిత్ర తమ దగ్గర ఉన్నా కలపడం లేదని, కలిపితే 3.2 గిగాబైట్లు అవుతుందని, గిట్ తొలినాళ్లలో అది అనవసరమైన భారమని లైనస్ ఆ నమోదులోనే రాశాడు. ఫలితంగా పాత పంక్తి మీద బ్లేమ్ నడిపితే అది ఆ రోజు గోడకు తగిలి, రాసినవారు లైనస్ అని చెబుతుంది. నిజానికి అంతకు ముందు పద్నాలుగేళ్లలో ఎందరెందరో రాసిన పంక్తులవి. ఫైర్‌ఫాక్స్ కోడుకూ ఇటువంటి గోడే ఉంది. మొజిల్లా సీవీఎస్ నుంచి మెర్క్యూరియల్‌కు మారినప్పుడు 2007 మార్చి 22 నాటి రూపాన్నే మొదటి మెట్టుగా తీసుకున్నారు. ఈ గోడలకు ఆవలి చరిత్రను ఓపికపరులు తరువాత తవ్వి తీసి, కావలసినవారు అతికించుకునే విధంగా అందుబాటులో ఉంచారు. అయినా సాధనం గోడ దగ్గర ఆగి చూపే పేరు తప్పు పేరని తెలిసినవారికే తెలుస్తుంది. సాధనం చెప్పే జవాబు అంత నిశ్చయంగా కనబడుతుంది కనుకనే ఈ జాగ్రత్త అవసరం.

రెండవది అడిగేవారు లేకపోవడం. 2006 మే నెలలో డెబియన్ పంపిణీలోని ఓపెన్ఎస్ఎస్ఎల్ కోడులో రెండు పంక్తులను పనిచేయకుండా చేశారు. జ్ఞాపకశక్తి వాడకాన్ని తనిఖీ చేసే సాధనం ఆ పంక్తుల గురించి ఫిర్యాదు చేస్తోంది, ఆ ఫిర్యాదు మాన్పించడమే ఉద్దేశం. దురుద్దేశం లేదు. కానీ ఆ పంక్తులలో ఒకటి రహస్య తాళపుచెవులను యాదృచ్ఛికంగా పుట్టించడానికి ఆధారం. అది పోయాక, లెక్కకు అందనన్ని ఉండవలసిన తాళపుచెవులు ఒక్కొక్క రకానికి సుమారు 32 వేలకు కుదించుకుపోయాయి. అన్నిటినీ వరుసగా ప్రయత్నించి చూడడం యంత్రానికి పెద్ద కష్టమైన పని కాదు. ఈ మార్పు పేరుతో, తేదీతో, కారణంతో సహా అందరికీ కనబడే భాండాగారంలో రెండేళ్లు ఉంది. 2008 మేలో లూసియానో బెల్లో కనిపెట్టేదాకా ఎవరూ దాన్ని ప్రశ్నించలేదు. చరిత్ర ఏదీ దాచలేదు, ఎవరూ అడగలేదు. రాగిరేకుల భాండాగారం తలుపు తెరిచే ఉన్నా లోపలికి తొంగి చూసేవారు లేనట్టు.

అడిగేవారిని పెంచడానికి ప్రయత్నాలు జరగకపోలేదు. 2006 అక్టోబరులో గూగుల్ కోడ్ సెర్చ్ వచ్చింది. రస్ కాక్స్ దానికి వేసిన సూచిక మూడేసి అక్షరాల గుచ్ఛాల మీద నడిచేది. మన అక్షరాలతో చెప్పాలంటే కాకినాడ అన్న మాటలో కాకినా, కినాడ అనే రెండు గుచ్ఛాలున్నాయి. ఏ గుచ్ఛం ఏ ఫైళ్లలో ఉందో ముందే జాబితా రాసిపెట్టుకుంటే, ఆ రెండు జాబితాలలోనూ ఉన్న ఫైళ్లను మాత్రమే తెరిచి వెదకితే చాలు. కోట్ల పంక్తుల రాశి గుప్పెడు ఫైళ్లకు తగ్గుతుంది. 2012 జనవరిలో గూగుల్ దాన్ని మూసివేసింది. అదే నెలలో కాక్స్ ఆ పద్ధతిని వివరిస్తూ వ్యాసం రాసి, చిన్న ప్రోగ్రామును కూడా అందరికీ ఇచ్చాడు. దాని మీద కట్టిన డెబియన్ కోడ్ సెర్చ్ అదే సంవత్సరం మొదలైంది. 2023లో గిట్‌హబ్ అందరికీ తెరిచిన కొత్త వెదుకులాట కూడా ఇటువంటి అక్షరగుచ్ఛాల సూచిక మీదనే నిలిచింది. సంస్థ మూసిన తలుపును ఒక వ్యాసం మళ్లీ తెరిచిందని చెప్పుకోవచ్చు.

అసలు తలుపే లేని చోటు సంగతి తెలుగువారికి 2018 ఫిబ్రవరిలో అనుభవమైంది. జ్ఞా అన్న అక్షరాన్ని, మధ్యలో కంటికి కనబడని ఒక సంకేతంతో కలిపి పంపిస్తే ఐఫోనులో సందేశాల అప్లికేషన్లు కుప్పకూలేవి. ప్రపంచ పత్రికలన్నీ తెలుగు అక్షరం ఫోనును పడగొట్టిందని రాశాయి. ఫిబ్రవరి 19న ఆపిల్ సవరణ విడుదల చేసింది, కథ ముగిసింది. కానీ ఏ పంక్తి వల్ల, ఏ రోజు చేరిన ఏ మార్పు వల్ల మన జ్ఞానాక్షరానికి ఆ గతి పట్టిందో బయటివారు వెదకి చూసే వీలు లేదు. ఆ కోడు మూసిన గదిలో ఉంది. దానికి ఎదురుగా హార్ఫ్‌బజ్‌ను చూడండి. ఫైర్‌ఫాక్స్, క్రోమ్, ఆండ్రాయిడ్, లిబ్రేఆఫీస్ మన ఒత్తులను, గుణింతాలను కూర్చడానికి ఆశ్రయించే కోడు అది. దాని గిట్ చరిత్ర మొత్తం బహిరంగం. తెలుగు అన్న మాట ఇచ్చి గుద్దలితో తవ్వితే మన లిపి కోసం ఎవరు ఎప్పుడు ఏ పంక్తి మార్చారో ఎవరైనా చూడవచ్చు. మన భాష బాగోగులు ఎవరి చేతిలో ఉన్నాయని అడిగే హక్కు ఒకచోట ఉంది, ఇంకొకచోట లేదు.

మూడవది, భాండాగారంలో ఉన్నదీ జనానికి పంచినదీ వేరు కావడం. 2024 మార్చి 29న ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు ఎక్స్‌జెడ్ అనే కుదింపు సాఫ్ట్‌వేరులో దొడ్డిదారి ఉందని ప్రకటించాడు. దూరపు యంత్రంలోకి ప్రవేశించడానికి మామూలు కంటే అర సెకను ఎక్కువ పడుతోందేమని ఆరా తీస్తూ అక్కడికి చేరుకున్నాడు. జియా టాన్ అన్న పేరుతో పరిచయమైన ఒక వ్యక్తి రెండేళ్లకు పైగా మంచి మార్పులు పంపి, నమ్మకం సంపాదించి, నిర్వహణ బాధ్యత అందుకుని ఆ పని చేశాడు. ఆ పేరు వెనుక ఎవరున్నారో లోకానికి తెలియదు. విషం పరీక్ష కోసం ఉంచిన ఫైళ్లలో కట్టుదిట్టంగా మూటగట్టి ఉంది. మూట విప్పే మంత్రం మాత్రం గిట్‌లో లేదు, జనం దించుకునే 5.6.0, 5.6.1 విడుదల మూటలలో మాత్రమే ఉంది. గిట్ చరిత్రను ఎన్నిసార్లు తిరగేసినా ఆ పంక్తి కనబడదు, ఎందుకంటే అది అక్కడ లేదు.

పాఠకులు గమనించే ఉంటారు, ఇది 2003 నాటి కథే. అసలులో లేని పంక్తి నకలులో ఉంది. అప్పుడు ఒక మనిషి రెండింటినీ పోల్చే ఏర్పాటు పెట్టుకున్నాడు కనుక ఇంటిలోనే పట్టుబడింది. ఇరవై ఏళ్ల తరువాత, సాధనాలు ఎంతో పెరిగినా, ఆ పోలిక ఎవరూ చేయనందున దొంగపంక్తి కొన్ని పంపిణీల ప్రయోగాత్మక రూపాలలోకి చేరిపోయింది. చివరికి రక్షించినది అర సెకను ఆలస్యాన్ని సహించని ఒక మనిషి కుతూహలం.

భాండాగారాలే మాయమయ్యే ప్రమాదం కూడా ఉంది. 2015లో గిటోరియస్, 2016 జనవరిలో గూగుల్ కోడ్ మూతబడ్డాయి. లక్షల ప్రాజెక్టులు ఇళ్లు వెదుక్కోవలసి వచ్చింది. 2016లోనే ఫ్రాన్సు పరిశోధన సంస్థ ఇన్రియా, రొబెర్టో డి కాస్మో, స్టెఫానో జకిరోలిల ఆధ్వర్యంలో, దొరికిన బహిరంగ కోడునంతటినీ చరిత్రతో సహా ఒకచోట దాచే సాఫ్ట్‌వేర్ హెరిటేజ్‌ను ప్రారంభించింది. అక్కడ కూడా ప్రతి వస్తువుకూ దాని విషయం నుంచి లెక్కగట్టిన పేరే. కోడు మానవజాతి రాసిన సాహిత్యంలో ఒక భాగమని, దానికీ గ్రంథాలయం కావాలని వారి వాదన. నాకు ఆ వాదన సబబుగానే తోస్తుంది.

ఒక్క మాట చెప్పి ముగిస్తాను. పేరు, తేదీ, పంక్తి, ఈ మూడూ యంత్రం రాసిపెడుతుంది. ఎందుకు అన్నది మాత్రం మార్పు చేసినవారు రెండు వాక్యాల్లో రాస్తేనే ఉంటుంది. వెదికేవారికి చివరికి కావలసింది ఆ ఎందుకే. ఓపెన్ఎస్ఎస్ఎల్ పంక్తుల దగ్గర అవి ఎందుకున్నాయో వివరంగా రాసి ఉంటే వాటి మీద చేయి వేయడానికి ఎవరైనా రెండుసార్లు ఆలోచించి ఉండేవారేమో. కావ్యం రాసిన కవికి ఆ బాధ్యత లేదు, వ్యాఖ్యాతలు చూసుకుంటారు. ప్రోగ్రాము రాసేవారు మాత్రం తమ కావ్యానికి తామే తొలి వ్యాఖ్యాతలు కావాలి. కోడు కాకపోయినా, నలుగురూ కలిసి మార్చుతూ పోయే ఏ రాతకైనా ఈ నియమం వర్తిస్తుందని నా నమ్మకం.